పెట్రోలు లేని వాహనము

జీతము చేతికి అందిన మొదటి ఆదివారము మధ్యతరగతి గృహస్థు ఒక కాగితము ముందు పెట్టుకొని కూర్చుంటాడు. ఇంటి అద్దె, బియ్యము, పాలు, విద్యుత్తు, పిల్లల చదువు, పెద్దవారి మందులు, ఈ పద్దులన్నీ వరుసగా వ్రాస్తాడు. వెనుకటి తరము వారి కాగితములో అంతగా కనబడని పద్దు ఒకటి ఈనాడు తప్పనిసరిగా వచ్చి చేరినది. అది పెట్రోలు. తక్కిన పద్దుల వద్ద ఇంటిలో చర్చ జరుగుతుంది. పాలు అర లీటరు తగ్గిద్దామా, పత్రిక మానుకొందామా అని ఆలోచన సాగుతుంది. పెట్రోలు పద్దు దగ్గర మాత్రము చర్చ లేదు. ఆఫీసుకు పోక తప్పదు, బండి లేక పోవుట కుదరదు, కనుక పెట్రోలు తప్పదు అని ముగ్గురూ తలలు ఊపుతారు. ఈ “కనుక” అనే మాటను ఒకసారి పరీక్షించి చూడవలెనని మా ఉద్దేశము.

ముందుగా లెక్క చూద్దాము. లెక్క చూడనిదే మనవారికి ఏ ఉపదేశమూ రుచించదు. ఇంటికీ, పని చేసే చోటికీ ఏడు కిలోమీటర్ల దూరము అనుకొందాము. పోనురాను పద్నాలుగు. నెలకు ఇరవై ఐదు పనిదినములకు 350 కిలోమీటర్లు. ఊరి రద్దీలో, ఆగుతూ సాగుతూ పోయే మోటారు సైకిలు లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తే ఇచ్చినట్లే. అంటే నెలకు ఏడు లీటర్లు. 2024 మార్చిలో ధర రెండు రూపాయలు తగ్గించిన తరువాత హైదరాబాదులో లీటరు పెట్రోలు సుమారు 107 రూపాయల వద్ద నిలిచినది. ఆ ధరకు నెలకు దాదాపు 750 రూపాయలు, ఏడాదికి తొమ్మిది వేల రూపాయలు. అదే దూరము కారులో పోయేవారికి, లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున, నెలకు రెండు వేల ఐదు వందలు, ఏడాదికి ముప్పై వేలు. ఇది పెట్రోలు మాత్రమే. ఇంజను నూనె, భీమా, మరమ్మతులు, బండి కొన్న అప్పుపై వడ్డీ, ఇవి వేరే పద్దులు.

ఇక సైకిలు సంగతి. గేర్లు, హంగులు లేని మామూలు సైకిలు ఏడెనిమిది వేల రూపాయలకు లభిస్తుంది. టైర్లు, ట్యూబులు, బ్రేకు కట్టలు, అప్పుడప్పుడు పంచరు, వీటికి ఏటా వెయ్యి రూపాయలు వేసుకొన్నా, మొదటి సంవత్సరము తిరిగేసరికి సైకిలు తన ఖరీదును తాను తీర్చుకొంటుంది. ఆ తరువాత మిగిలినదంతా మిగులే. ఏడాదికి ఎనిమిది వేలు మిగలడము కొందరికి స్వల్పముగా తోచవచ్చును. ఇద్దరు పిల్లల పుస్తకములకూ, బట్టలకూ అప్పు చేసే ఇంటిలో అది స్వల్పము కాదు.

ఈ మిగులు ఎక్కడనుండి వచ్చినదో తెలుసుకొనుట కూడా వినోదముగా ఉంటుంది. మోటారు సైకిలు బరువు నూరు కిలోలకు పైమాట. కారు బరువు ఎనిమిది వందల నుండి వెయ్యి, ఆ పైన. మోయవలసిన మనిషి అరవై కిలోలు. అనగా మనము కొన్న పెట్రోలులో అధిక భాగము మనలను మోయుటకు గాక ఇనుమును మోయుటకే ఖర్చవుతున్నది. అది కూడా పూర్తిగా చక్రము దాకా చేరదు. ఇంధనములోని శక్తిలో చాల భాగము ఇంజను వేడిగానూ, పొగగానూ వెళ్ళిపోతుంది. అందులోనూ చిన్న దూరముల ప్రయాణములో నష్టము మరింత ఎక్కువ. చల్లబడి ఉన్న ఇంజను వేడెక్కేవరకు అధికముగా త్రాగుతుంది. అది సరిగా వేడెక్కే సమయమునకు మన ఆఫీసు వస్తుంది.

సైకిలు బరువు పదహారు నుండి ఇరవై కిలోలు. దానిని త్రొక్కే మనిషి ఒక కిలోమీటరుకు సుమారు 25 కెలోరీల శక్తి వినియోగిస్తాడు. పద్నాలుగు కిలోమీటర్లకు 350 కెలోరీలు. అంటే నూరు గ్రాముల బియ్యములో ఉన్న శక్తి. అదే దూరము మోటారు సైకిలుపై పోతే కరిగిపోయే పెట్రోలులో ఉండే శక్తి దీనికి ఆరు రెట్లు. 1973లో విల్సన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించి, తన బరువును ఒక చోటనుండి మరొక చోటికి చేర్చుకొనుటలో జంతువులకన్న, యంత్రములకన్న సైకిలెక్కిన మనిషి తక్కువ శక్తిని ఖర్చు చేస్తాడని చూపించినాడు. నడకలో మనిషి అనేక జంతువులకు తీసిపోతాడు. రెండు చక్రములు, ఒక గొలుసు చేర్చగానే అందరినీ మించిపోతాడు.

ఈ వాహనము మనకు క్రొత్తది కాదు. 1885లో ఇంగ్లండులో స్టార్లీ అనే ఆయన ఇంచుమించు సమానమైన రెండు చక్రములతో, వెనుక చక్రమునకు గొలుసు తగిలించి నేటి సైకిలుకు రూపము ఇచ్చినాడు. 1888లో డన్‌లప్ గాలి టైరును అమర్చినాడు. అప్పటినుండి మౌలికముగా మారినది స్వల్పము. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మదరాసులో, అసన్‌సోల్‌లో, సోనేపట్‌లో, లుధియానాలో కర్మాగారములు వెలసి సైకిలు దేశీయ వస్తువైనది. మన పట్టణములలో తపాలా జవాను, బడిపంతులు, గుమాస్తా, మిల్లు కార్మికుడు అందరికీ అదే వాహనము. పురపాలక సంఘమువారు దానిపై పన్ను వేసి బిళ్ళ ఇచ్చేవారు. చీకటి పడిన తరువాత దీపము లేకుండా పోతే పోలీసు జవాను ఆపేవాడు. వీధి చివర అద్దె సైకిళ్ళ దుకాణములో గంటకు ఇంత అని ఇచ్చి, పిల్లలు అడ్డకమ్మి క్రింద కాలు దూర్చి సైకిలు నేర్చుకొనేవారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు ప్రజాప్రతినిధిగా ఉండి చట్టసభకు సైకిలుపై వెళ్ళుట తెలుగువారు నేటికీ చెప్పుకొనే విషయము. సభకు సైకిలుపై వెళ్ళినందువలన ఆయన మాట బరువు తగ్గినట్లు ఎవరూ చెప్పగా మేము వినలేదు.

మరి సైకిలు మన వీధులలో ఎందుకు వెనుకబడినది? దూరములు పెరిగినవి, నిజమే. ఊళ్ళు నాలుగు దిక్కులా విస్తరించినవి. తీరిక తగ్గినది. కాని మేము విచారించిన మట్టుకు అన్నిటికన్న బలమైన కారణము ఎవరూ పైకి చెప్పనిది. అది మర్యాద. ఉద్యోగము దొరికిన కుర్రవాడు మొదటి జీతముతో మోటారు సైకిలు కొనకపోతే బంధువులు ఏదో లోపము ఉన్నదనుకొంటారు. పెండ్లిచూపులలో పిల్లవాడికి బండి ఉన్నదా అని అడుగుతారు. ఆఫీసు ఆవరణలో కార్లకు నీడ, మోటారు సైకిళ్ళకు రేకుల పంచ, సైకిలుకు ప్రహరీ గోడ మూల. కావలివాడు కారుకు నమస్కరిస్తాడు, సైకిలును ఆపి ఎవరు కావలెనని అడుగుతాడు. ఆ కావలివాడు స్వయముగా సైకిలుపైనే పనికి వచ్చి ఉంటాడు. ఇది విచిత్రము.

ఈ చివరి మాట కొంచెము ఆలోచించదగినది. సైకిలు అంటే మనము ఇపుడు రెండు రకముల మనుష్యులను తలచుకొంటున్నాము. ఒకరు తెల్లవారుజామున తలకు టోపీ, కంటికి నల్లద్దములు పెట్టుకొని వ్యాయామము కొరకు త్రొక్కేవారు. వారి సైకిలు ఖరీదు మోటారు సైకిలు ఖరీదుకు తక్కువ కాదు. రెండవవారు వేరే గతి లేక త్రొక్కేవారు. తాపీ పనివాడు, తోటమాలి, పాలవాడు, కాగితములు ఏరేవాడు. 2011 జనాభా లెక్కలలో, వ్యవసాయమూ, ఇంటిపట్టున సాగే పరిశ్రమా కాక ఇతర పనులు చేసే సుమారు ఇరవై కోట్ల మందిని, పనికి ఎట్లా పోతున్నారని ప్రశ్నించినారు. నాలుగున్నర కోట్ల మంది నడిచి పోతున్నామన్నారు. రెండు కోట్ల అరవై లక్షల మంది సైకిలుపై పోతున్నామన్నారు. మోపెడ్, స్కూటరు, మోటారు సైకిళ్ళవారు రెండు కోట్ల యాభై లక్షలు. కారులో పోయేవారు నూటికి ముగ్గురైనా లేరు. వీధిని చూచినవారికి ఈ అంకెలు నమ్మశక్యము కావు. ఎందుచేతననగా వీధి వైశాల్యమును ఆక్రమించినవారే మన కంటికి కనబడతారు. అంచున ఒదిగి పోయేవారు లెక్కలోనే కనబడతారు.

అంచున ఒదిగి పోయేవారి మాట వచ్చినది కనుక అపాయము సంగతి దాచరాదు. 2022లో మన దేశములో రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ ప్రకటించినది. వారిలో సైకిలుపై పోతున్నవారు నాలుగు వేల ఎనిమిది వందలకు పైగా ఉన్నారు. ద్విచక్ర మోటారు వాహనములవారు డెబ్బై నాలుగు వేలు దాటినారు. కనుక సైకిలు ఒక్కటే ప్రమాదకరము, మోటారు సైకిలు క్షేమము అనుట సరికాదు. అయినను, మేము ఉద్యోగమునకు సైకిలుపై పోతామంటే ఇంటివారు భయపడుటలో అర్థము ఉన్నది. తెల్లవారుజామున ప్రసారము ఆరంభించవలసిన ఉద్యోగము మాది. చీకటి ఉండగానే బయలుదేరుతాము. ఆ వేళ రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఖాళీ రోడ్డుపైనే లారీల వేగము ఎక్కువ. వెనుకనుండి వచ్చే దీపపు కాంతి మన నీడను ముందు పొడుగ్గా పరచి, చటుక్కున ప్రక్కకు త్రిప్పి, దాటిపోయే ఆ క్షణములో, సైకిలెక్కినవాడికి తన దేహము ఎంత మెత్తనిదో తెలిసివస్తుంది. ఈ క్షణమును అనుభవించనివారు సైకిలు గొప్పతనమును గూర్చి ఉపన్యసించుట సులభము.

అందుచేత ఈ విషయము పెట్రోలు ఆదాతో ముగియదు. ఆదా చేయమని గృహస్థుకు చెప్పుట సగము మాట. అతడు సాయంత్రము క్షేమముగా ఇల్లు చేరుటకు బాట ఇచ్చుట తక్కిన సగము. ఈ రెండవ సగమును ఒక దేశము ఎట్లా నేర్చుకొన్నదో చెప్పుట ఉపయోగకరము.

హాలండు దేశము సైకిళ్ళకు ప్రసిద్ధి. అది పుట్టుకతో వచ్చిన గుణమని మనము అనుకొంటాము. కాదు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఆ దేశస్థులు ధనవంతులై కార్లు కొన్నారు. పట్టణములలో పాత భవనములు పడగొట్టి రోడ్లు వెడల్పు చేసినారు. సైకిళ్ళు ఏటేటా తగ్గినవి. 1971లో ఆ చిన్న దేశములో రోడ్డు ప్రమాదములలో మూడు వేల మూడు వందల మంది మరణించినారు. వారిలో నాలుగు వందల మందికి పైగా పసిపిల్లలు. అపుడు తల్లిదండ్రులు వీధులలోకి వచ్చినారు. “బిడ్డల హత్య ఆపండి” అనే పేరుతో ఒక ఉద్యమమే బయలుదేరినది. ఇంతలో 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధము వచ్చి, అరబ్బు దేశములు హాలండుకు చమురు నిలిపివేసినవి. ఆ ప్రభుత్వము ఆదివారములు మోటారు వాహనములు నడుపరాదని ఆజ్ఞ ఇచ్చినది. నవంబరు 4వ తేదీ అట్టి మొదటి ఆదివారము. పెద్ద రహదారులపై పిల్లలు సైకిళ్ళు త్రొక్కినారు, చక్రముల బూట్లతో పరుగెత్తినారు. మోటారు చప్పుడు లేని ఊరు ఎట్లా ఉంటుందో ఒక తరము మొదటిసారి విన్నది.

చమురు మరల వచ్చినది. కాని వారు ఆ ఆదివారములను మరచిపోలేదు. ప్రభుత్వము కొన్ని సంవత్సరములలోనే హేగ్, టిల్బర్గ్ నగరములలో ప్రత్యేకమైన సైకిలు బాటలు వేయించి పరీక్షించినది. బాట ఎక్కడో ఒక ముక్క వేస్తే చాలదు, ఇంటినుండి పని చేసే చోటిదాకా తెగకుండా సాగవలెను అని క్రమముగా తెలుసుకొన్నారు. నేడు ఆ దేశములో జనము చేసే ప్రయాణములలో నాలుగింట ఒక వంతుకు పైగా సైకిలుపైనే జరుగుతున్నవి. మంత్రులూ, ప్రొఫెసర్లూ దానిపై పోవుట అక్కడ వార్త కాదు.

అదే 1973లో మన దేశములోనూ పెట్రోలు ధర భగ్గుమన్నది. నవంబరు 12న అటల్ బిహారీ వాజపేయిగారు నిరసనగా ఎద్దుబండిపై పార్లమెంటుకు వెళ్ళినారు. పత్రికలలో చిత్రములు పడినవి, జనము నవ్వుకొన్నారు. మన బాటలు మాత్రము మారలేదు. సంకటము ఇద్దరికీ ఒకటే వచ్చినది. ఒకరు దానినుండి రోడ్డు నిర్మించుకొన్నారు, మనము జ్ఞాపకము మిగుల్చుకొన్నాము. ఈనాటికీ మనము వాడే ముడిచమురులో నూటికి ఎనభై ఐదు పాళ్ళకు పైగా విదేశములనుండి కొని తెచ్చుకొంటున్నాము. ఎక్కడో సముద్రములో ఓడ ఆగితే మన వీధి చివర పెట్రోలు బంకు వద్ద వరుస పెరుగుతుంది.

హాలండు సమతలమైన చల్లని దేశము, మన ఎండకూ, మన మిట్టపల్లములకూ అది కుదరదు అని ఆక్షేపణ ఉన్నది. ఇందులో నిజము లేకపోలేదు. కాకినాడ, భీమవరము, గుంటూరు వంటి ఊళ్ళు సమతలమే. హైదరాబాదులో మిట్టలున్నవి, విశాఖపట్టణములో కొండలే ఉన్నవి. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము సైకిలు త్రొక్కమని మేము ఎవరికీ సలహా ఇవ్వము. అయితే ఉద్యోగి ప్రయాణము చేసేది ఉదయమూ, సాయంత్రమూ. ఎండ అడ్డు అనేవారు చెట్ల సంగతి కూడా చెప్పవలెను. రోడ్డు వెడల్పుకు మనము కొట్టివేసిన చింతలూ, రావులూ ఉన్న దినములలో ఇదే ఎండలో ఇదే జనము సైకిలుపై తిరిగినారు. 2023 అక్టోబరులో హైదరాబాదు వెలుపలి వలయరహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను, పైన సూర్యరశ్మితో విద్యుత్తునిచ్చే ఫలకముల కప్పుతో ప్రారంభించినారు. నీడ కల్పించుట అసాధ్యము కాదని అది చూపినది. అట్టి నీడ నగరము నడిబొడ్డున, గుమాస్తా పోయే దారిలో ఎపుడు పడుతుందా అని మా ప్రశ్న.

బాటలు వచ్చేవరకు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. సైకిలుపై ఉద్యోగమునకు పోదలచినవారికి మా అనుభవము కొద్దీ కొన్ని సూచనలు చెప్పుతాము. మొదట ఒక సెలవు దినమున దారి చూచుకొనవలెను. పెద్ద రహదారి దగ్గర దారి కావచ్చును గాని మంచి దారి కాకపోవచ్చును. వీధుల వెంట ఒక కిలోమీటరు చుట్టు తిరిగినా ప్రశాంతముగా పోవుట మేలు. సీటు ఎత్తు సరిచూచుకొనవలెను. పెడలు క్రిందికి పోయినపుడు కాలు ఇంచుమించు చాపినట్లు ఉండవలెను. సీటు పల్లముగా ఉంటే మోకాళ్ళు నొచ్చుతవి, నింద సైకిలుపై పడుతుంది. టైర్లలో గాలి వారమునకు ఒకసారి చూచుకొనవలెను. గాలి తగ్గిన టైరు రెండింతల శ్రమ పెడుతుంది. గొలుసుకు అప్పుడప్పుడు నూనె వేయవలెను. ముందు తెల్లని దీపము, వెనుక ఎర్రని దీపము, తలకు హెల్మెట్, చీకటిలో లేత రంగు చొక్కా, ఇవి అలంకారములు కావు.

చెమట సంగతి అందరూ అడుగుతారు. ఆఫీసుకు పందెముగా పోనక్కరలేదు. గంటకు పద్నాలుగు కిలోమీటర్ల చొప్పున నిదానముగా పోతే ఏడు కిలోమీటర్లకు అరగంట. అంతకు పూర్వము రద్దీలో మోటారు సైకిలుపై మాకు ఇరవై ఐదు నిమిషములు పట్టేది. క్యారియరుకు కట్టిన సంచిలో ఒక చొక్కా, ఒక తువాలు ఉంచుకొంటే చాలును. వారమునకు నూట యాభై నిమిషముల ఓ మోస్తరు వ్యాయామము పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది. రోజుకు ఒక గంట సైకిలు త్రొక్కినవాడు ఆ పరిమితిని బుధవారమునాటికే దాటిపోతాడు. వేరుగా వ్యాయామశాలకు రుసుము కట్టనక్కరలేదు. ఇది రెండవ ఆదా.

వారమంతా కాకపోతే రెండు రోజులు పోవచ్చును. ఆఫీసు దూరమైతే బస్సు స్టాండు వరకో, మెట్రో స్టేషను వరకో పోయి అక్కడ నిలుపవచ్చును. మిట్టలున్న చోట, మోకాళ్ళు సహకరించనివారికి బాటరీ సైకిలు ఉన్నది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగము గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే దానికి రిజిస్ట్రేషనూ, లైసెన్సూ అవసరము లేదు. ఏదీ వీలుకానివారు పెరుగుకూ, కూరగాయలకూ, మందుల దుకాణమునకూ బండి తీయకుండా ఉంటే, అదైనా ఆదాయే.

గృహిణులకు ఒక మాట. సైకిలు పురుషుల సొత్తు కాదు. 1991, 92 సంవత్సరములలో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యత ఉద్యమములో భాగముగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. మొదట ఊరివారు హేళన చేసినారు. వారు నీళ్ళు తెచ్చుకొన్నారు, పండిన సరుకు సంతకు తామే చేర్చుకొన్నారు, బస్సు కొరకు కాచుకొనే గంటలు మిగుల్చుకొన్నారు. పెట్రోలు ఎన్నడూ కొనని ఇండ్లలో కూడా సైకిలు ఆదా చేయగలదు. అది ఆదా చేసినది కాలమును, స్వేచ్ఛను.

ఒక్క ఉద్యోగి ఏడాదికి ఎనభై నాలుగు లీటర్ల పెట్రోలు మిగిల్చితే, సుమారు 190 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియకుండా ఆగుతుంది. నూరుగురు పనిచేసే కార్యాలయములో పదిమంది అట్లా చేసినా ఎనిమిది వందల నలభై లీటర్లు. అంతకన్న ముఖ్యమైన ఫలితము మరొకటి ఉన్నది. గతి లేనివాడు మాత్రమే సైకిలుపై పోతున్నంతకాలము వాడికి బాట కావలెనని అడిగేవారు ఉండరు. చదువుకొన్నవారు, అర్జీ వ్రాయగలవారు, ఆఫీసులలో మాట చెల్లేవారు తామూ ఆ అంచున పోవుట మొదలుపెడితే, అంచు ఎంత ఇరుకో వారికి తెలుస్తుంది. మీ కార్యాలయములో అధికారులున్నచో ఒక పని చేయమని కోరుతున్నాము. ప్రహరీ గోడ మూలనున్న సైకిళ్ళను నీడలోకి తెచ్చి, ద్వారము దగ్గర చోటు ఇవ్వండి. దీనికి నాలుగు ఇనుప కమ్ములు, ఒక రేకు తప్ప ఖర్చు లేదు. రేపు ఉదయము ఆ కావలివాడు తన సైకిలును కూడా అక్కడే నిలుపగలుగుతాడు.